గంధకం పట్టిన ఎండుపండ్లు



లడ్డులోకీ, పరవాన్నంలోకీ నాలుగు కిస్‌మిస్‌లు వేయడం మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఇప్పుడా నాలుగూ గుప్పెడయ్యాయి. రక్తం పడుతుందని బాలింతకు, విరేచనం సాఫీగా అవుతుందని పెద్దవాళ్ళకు, చాక్లెట్ల కంటే నయమని పిల్లలకు ఎండుపండ్లు పెడుతున్నాం. మంచిదే. కానీ అవి తిన్న కాసేపటికే కడుపు ఉబ్బి, మెలిపెట్టి, విరేచనాలయ్యేవాళ్ళున్నారు. మా నాగాయలంకలో ఒక బాలింతకు ఇలాగే అయితే, పథ్యం తప్పి ఏదో తినేసిందని ఇంటిల్లిపాదీ ఆ పిల్లనే అన్నారు. ఆమె తిన్నది వాళ్ళు చేతిలో పెట్టిన ఆప్రికాట్లే!

ఆపిల్ ముక్క కోసి ఉంచితే నల్లబడుతుంది కదా. ఆప్రికాట్ కూడా ఎండితే గోధుమరంగుకు తిరగాలి. హైదరాబాదులో ఖుబానీ కా మీఠా చేసే పండు ఆ రంగే. మరి కొట్లో నారింజరంగులో నిగనిగలాడేదెలా వచ్చింది? గంధకం పొగ పట్టించబట్టి. పసుపుపచ్చగా మెరిసే కిస్‌మిస్‌లలోనూ కొన్నిటికి ఈ పొగ పడతారు. రంగు చెడదు, బూజు రాదు. సి విటమిను నిలుస్తుంది గానీ బి-1 పోతుంది.

చాలామందికి ఇది అరిగిపోయి మూత్రంలో పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి మాత్రం ఆయాసం తెస్తుంది. అమెరికాలో కొందరు రోగుల ప్రాణాలే పోయాక, 1986లో పచ్చి కూరలకూ పండ్లకూ ఈ మందు వాడరాదన్నారు. కొందరికి కడుపులో వికారం, నొప్పి.

అంతర్జాతీయ నిపుణులు పెట్టిన హద్దు రోజుకు కిలో బరువుకు 0.7 మిల్లీగ్రాములు. కిలో పండ్లలో 1000 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. యాభై కిలోల మనిషికి 35 గ్రాములతో ఆ హద్దు సరి. పదిహేను కిలోల పిల్లవాడికి పది గ్రాములే. వాడు జేబులో పోసుకునేది అంతకంటే ఎక్కువే!

అయితే నేరమంతా మందుదే అనుకోకండి. ఆప్రికాట్‌లో, ప్రూన్‌లో సార్బిటాల్ అనే చక్కెర ఉంటుంది. పేగులు దాన్ని సరిగా పీల్చుకోలేవు, నీళ్ళు లాగి విరేచనం చేస్తుంది. పెద్దవాళ్ళకు మేలు చేసేదీ అదే. అందుచేత వారంపాటు ఎండుపండ్లన్నీ మానేసి, తర్వాత పొగ పట్టనివి రెండు తిని చూడండి. వాటికీ ఉబ్బరిస్తే తప్పు గంధకానిది కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాత్రం గంధకం పట్టినవి తిని చూసే పరీక్ష ఇంట్లో చేయకూడదు. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే.

పొట్లం మీద 220 నుంచి 228 వరకు ఏ నెంబరు ఉన్నా గంధకపు మందేనని గుర్తు. విడిగా తూచి ఇచ్చేవాటికి ఆ చీటీ ఉండదు. రంగే చూసుకోవాలి, అదీ పూర్తి గుర్తు కాదు. కడిగి నానబెడితే కొంత పోతుంది, అంతా పోదు.

పొగ పట్టనివి మన సముద్రపు గాలికి త్వరగా చెమ్మగిల్లుతాయి. వంద గ్రాముల చొప్పున కొని, మూత బిగువైన సీసాలో పోసుకోండి. తడిచెయ్యి పెట్టకండి. బూజు కనిపిస్తే పైపైన తీసేసి వాడకండి, సీసాడూ పారబోయండి.