వ్యాజ్యములలో ఒప్పుదల నోటీసు



స్వర్ణముఖి యొడ్డున, చంద్రగిరి దాపునగల యొక పల్లెలోని అన్నదమ్ముల వ్యాజ్యములో అన్నగారి పక్షమున నేను వకీలుగా నుంటిని. తగవంతయు ఒక్క బావిని గూర్చినదే. అది ఉమ్మడి సొమ్ముతో త్రవ్వినదా, తమ్ముని స్వార్జితముతో త్రవ్వినదా యనునదే ప్రశ్న. కాని తండ్రి పాడె మోసిన ఆ తమ్ముడే తండ్రి మరణించిన దినము తెలియదనెను; భాగపరిష్కార పత్రముపై చేవ్రాలు తనది కాదనెను. ఆ పత్రము వ్రాసిన వృద్ధుని వేలూరునుండి తిరుపతి కోర్టునకు మూడు మారులు రప్పింపవలసి వచ్చెను. రెండు మారులు వాయిదా పడెను. మూడవమారు ఆయన బోనెక్కి చెప్పినది తమ్మునికి మొదటినుండి తెలిసిన సంగతియే!

ఇట్టి వృథాశ్రమను తప్పించుటకు 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులోని 12వ ఆర్డరు మార్గము చూపుచున్నది. విచారణదినమునకు కనీసము తొమ్మిది దినములు ముందుగా ఒక పక్షమువారు ఎదుటి పక్షమువారికి వ్రాతమూలముగా నోటీసు పంపి, ఈ వ్యాజ్యముమట్టుకు ఈ సంగతులను ఒప్పుకొనుడని కోరవచ్చును. నోటీసు అందిన ఆరు దినములలో, లేదా కోర్టువారిచ్చిన గడువులో, ఒప్పుకొననిచో ఆ సంగతుల ఋజువునకైన ఖర్చును, వ్యాజ్యము నెవరు గెలిచినను, ఒప్పుకొననివారే భరింపవలెను. కోర్టువారు వేరుగా ఆజ్ఞాపించినచో మాత్రమే మినహాయింపు కలదు.

దస్తావేజులను గూర్చిన నోటీసు వేరు. 2002వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన సవరణ మొదలు దాని గడువు ఏడు దినములు. ఇందు మౌనము మరింత ప్రమాదకరము. తన వాదపత్రములో గాని, నోటీసు జవాబులో గాని కాదనని దస్తావేజును ఒప్పుకొన్నట్లే యెంచవలెనని 1976వ సంవత్సరపు సవరణ చెప్పుచున్నది. మైనరులు మొదలగు అశక్తులకు ఇది వర్తింపదు.

ఒకటి ఒప్పుకొన్నచో పదిమంది దానిని పట్టుకొని తమపై దావాలు వేయుదురని కొందరి భయము. అది వలదు. సంగతుల నోటీసుకిచ్చిన ఒప్పుదల ఆ వ్యాజ్యమునకే పరిమితము; మరియొక సందర్భమున దానిని మనపై వాడరాదు. అయినను ఒప్పుకొన్న మేరకు కోర్టువారు అప్పుడే తీర్పు నీయవచ్చును గనుక, నోటీసును చక్కగా చదివించుకొని నిజమైనదానినే ఒప్పుకొనవలెను.

నేను చెప్పిన వ్యాజ్యములో సకాలమున ఆ నోటీసు పంపనైతిని. ఆ లోపము నాదే. బావి తగవు తీరునప్పటికి అన్నగారు సాక్షి ఖర్చులకై రెండు పాడియావులను అమ్ముకొనిరి. అన్నదమ్ములకు మాటలును నిలిచిపోయెను.

కావున గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. తగవు మీ యెదుటికి వచ్చినప్పుడే రెండు జాబితాలు వ్రాయింపుడు: ఉభయులకును సమ్మతమైన సంగతులు ఒకదానను, వివాదమున్నవి రెండవదానను. మొదటిదానిని వకీలుచేతికిచ్చి నోటీసు పంపింపుడు. రెండవది తరచుగా ఒక్క వాక్యమే యగును. ఆ ఒక్క వాక్యమును కొన్నిమారులు కోర్టు మెట్లెక్కకయే మీరు తీర్పగలరు.