కందిరీగ తూటా



తుపాకి యనగానే మనలో పెక్కుమందికి పులివేటయో, పటాలమో తలపునకు వచ్చును. ఈ సాయంకాలము నేను మాటలాడబోవునది అంత ఘనమైన ఆయుధమును గూర్చి కాదు. చిటికెనవ్రేలి కంటె పొట్టిదియు, పెన్సిలు కంటె కొంచెమే లావైనదియు నగు ఒక చిన్న తూటాను గూర్చి చెప్పెదను. దాని పేరు 22 హార్నెట్. అంగుళమును నూరు భాగములు చేసినచో అందు ఇంచుమించు 22 భాగముల వెడల్పుగల గొట్టములో అది పేలును. హార్నెట్ అనగా ఇంగ్లీషున పెద్ద కందిరీగ. ఇంత చిన్న వస్తువును గూర్చి పెద్దలయెదుట ప్రసంగింపనేల యని మీరడుగవచ్చును. పని యెంతయో అంతకు తగిన పనిముట్టును ఎన్నుకొనుట ఒక విద్య. ఆ విద్య నాకు ఈ తూటావలన కొంత అబ్బినది. అందుచేత చెప్పుచున్నాను.

నేను అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక వ్యవసాయ ప్రాంతమున చాల యేండ్లు నివసించితిని. అచ్చటి రైతులకు ఉడ్‌చక్ అను జంతువు పెద్ద బెడద. గ్రౌండ్‌హాగ్ అనియు దానినే పిలుతురు. అది ఉడుత కుటుంబములోనిది. చూచుటకు మన పందికొక్కును తలపించును గాని దానికి నాలుగైదింతలు ఉండును. శీతకాలమంతయు బొరియలో నిద్రించి, వసంతమున వెలుపలికి వచ్చి, చిక్కుడు, సోయా, పచ్చిగడ్డి మున్నగు పైరులను మేయును. మేతవలన కలుగు నష్టముకంటె బొరియలవలన కలుగు నష్టము హెచ్చు. పచ్చికలో కానరాని గోతిలో అడుగిడి గుఱ్ఱము కాలు విరుగవచ్చును. ట్రాక్టరు చక్రము దిగబడవచ్చును. కొట్టముల పునాదులు గుల్ల కావచ్చును. ఇట్టి పైరుచేటు జంతువులను ఉద్దేశించి పుట్టినదే మన కందిరీగ తూటా.

దీని వంశము పాతది. 1885లో వించెస్టరు కంపెనీవారు నల్లని తుపాకిమందుతో పేలు నొక చిన్న తూటాను వెలువరించిరి. అందు 13 గ్రెయిన్ల మందును, 45 గ్రెయిన్ల సీసపు గుండును ఉండెడివి. ఆ గుండు సెకనుకు సుమారు 1,550 అడుగుల వేగముతో పోయెడిది. పొగలేని మందు వ్యాపించిన పిమ్మట ఆ తూటాకు ఆదరము తగ్గెను. 1920 తరువాతి సంవత్సరములలో టౌన్సెండ్ వీలెన్, గ్రోవ్‌నర్ వాట్కిన్స్ మొదలగు సైనికోద్యోగులు కొందరు, స్ప్రింగుఫీల్డు ఆయుధాగారమున పనిచేయు నిపుణులతో కూడి, ఆ పాత ఇత్తడి డొల్లనే తీసికొని, అందు పొగలేని మందు నించి, పలుచని లోహపు తొడుగు గల గుండును అమర్చి పరీక్షించిరి. గురి నేర్చుకొనుటకు సైన్యమునందు వాడు చిన్న తుపాకులనే ఇందుకు తగినట్లు మార్చుకొనిరి. పాత డొల్ల క్రొత్త ప్రాణము పోసికొనెను.

ఇక్కడ ఒక వింత కలదు. 1930లో వించెస్టరు వారు ఈ తూటాలను అమ్మకమునకు తెచ్చునప్పటికి దీనిని పేల్చుటకు ఏ కంపెనీ తుపాకియు అంగడిలో లేదు. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అని మనవారందురు కదా! అయినను సోమలింగము నిజముగనే పుట్టినాడు. 1932లో సావేజి కంపెనీవారును, 1933లో వించెస్టరు వారును దీనికి తగిన తుపాకులను తయారుచేసిరి. అంతవరకు వేడుకగలవారు తమ తుపాకులను పనివారిచేత మార్పించుకొని వాడుకొనిరి.

ఇక దీని కొలతలు చెప్పెదను. గ్రెయిన్లన్న మాట మీకు క్రొత్త కావచ్చును గాని తులము క్రొత్త కాదు. ఒక తులమునకు 180 గ్రెయిన్లు. కాబట్టి 45 గ్రెయిన్ల గుండనగా సరిగా పావు తులము. దానిని త్రోయుటకు వలయు మందు, రకమునుబట్టి 10 మొదలు 13 గ్రెయిన్ల వరకు, అనగా సుమారు తులములో వీసము. పావు తులము గుండునకు వీసము తులము మందు! 1906 నుండి అమెరికా సైన్యము వాడిన పెద్ద తూటాను దీనిప్రక్కన పెట్టి చూడుడు. జింకల వేటకు దానిలో పెట్టు గుండు తరచుగా నిండు తులము తూగును. దానిలోని మందే మన చిన్న గుండుకంటె బరువు. ఒక పౌను మందుతో కందిరీగ తూటాలు ఆరువందలకు పైగా నింపవచ్చును. రైతు లెక్కలో ఇది చిన్న విషయము కాదు.

దీని శక్తి యెంతయో, ఆ శక్తికి హద్దెక్కడనో కూడ చెప్పవలెను. నేటి కంపెనీ తూటాలో గుండు గొట్టమునుండి వెలువడునప్పుడు సెకనుకు 2,690 అడుగుల వేగముతో పోవును. నూరు గజములు పోవునప్పటికి ఆ వేగము 2,042 అడుగులకు తగ్గును. రెండువందల గజములకడ 1,502 అడుగులు మాత్రమే మిగులును. నూరు గజములకు గురి కుదిర్చియున్నచో, రెండువందల గజములకడ గుండు గురికంటె ఏడెనిమిది అంగుళములు దిగువకు పోవును. అందువలన వివేకము గలవాడు నూటయేబది గజములకు మించి దీనితో ప్రాణిపై కాల్చడు. అంతకు మించి కాల్చినచో జంతువు వెంటనే చావక, గాయముతో బొరియలో దూరి, బాధపడి చచ్చును. పైరును కాపాడుకొనుట రైతు హక్కే కావచ్చును. కాని ప్రాణిని హింసించి చంపుటకు ఎవనికిని హక్కు లేదు.

ఈ హద్దే దీనియందలి ఆనందమునకు మూలమని నా యభిప్రాయము. దూరము కాల్చు తుపాకి గలవాడు దుర్భిణిలో చూచి, కూర్చున్న చోటనుండియే మీట నొక్కును. కందిరీగ గలవాడు నడువవలెను. గాలివాలు చూచుకొనవలెను. కంచెవెంట వంగి పోవలెను. ఉడ్‌చక్ మేత మాని వెనుక కాళ్లపై నిలువబడి నలుదెసలు చూచునప్పుడు కదలక నిలువవలెను. ఆ నడకలో పొలము గట్లు, పిచ్చుకగూళ్లు, వాననీరు కోసిన దారులు అన్నియు కంటబడును. తూటా పేలునప్పుడు భుజమునకు తాకుడే తెలియదు. తాకుడు లేదు గనుక దుర్భిణిలో గురి తప్పిపోదు, గుండు తగిలిన చోటు కంటికి కనబడును. చప్పుడు కూడ తక్కిన వేట తూటాల చప్పుడుకంటె తక్కువ. ఇండ్లు దగ్గరగా నున్న పల్లెపట్టులలో ఇరుగుపొరుగువారి పసిబిడ్డలు, పశువులు బెదరకుండుట గొప్ప గుణము.

మా పొరుగున నొక వృద్ధరైతు ఉండెడివాడు. ఆయన తుపాకి ఆయనవలెనే పాతది, ఆయనవలెనే మితభాషి. ఒక వేసవిలో ఆయన చిక్కుడుతోట చివర ఉడ్‌చక్ బొరియ చేసికొని, మొలకలను వరుసలు వరుసలుగా కోసివేయుచుండెను. ఆ తోట ఆదాయమే ఆయనకు ఆ సంవత్సరపు పన్నులకు ఆధారము. మేమిద్దరమును సాయంకాలము పోయి పొంచియుంటిమి. నూరుగజముల దూరమున జంతువు నిలువునా కనబడినది. ఆయన గురి చూచెను, తుపాకి దింపెను. జంతువు వెనుక నేల ఎత్తుగా లేదు. ఆవల రెండు చేలు దాటి ఒక కొట్టమున్నది. మరునాడును అట్లే జరిగినది. వరుసలు ఇంకను రెండు పోయినవి. నాకు ఓర్పు తప్పి, కొట్టము చాల దూరము గదా యని అంటిని. గుండు చిన్నదైనను మైలునకు మించి పోగలదనియు, వదలిన గుండు ఎక్కడ నిలుచునో తెలియనివాడు మీట ముట్టరాదనియు ఆయన నిదానముగా చెప్పెను. మూడవనాడు ఆయన తోట చుట్టి రెండవ వైపునుండి వచ్చెను. ఇప్పుడు జంతువు వెనుక మంచి మట్టిగట్టు వచ్చినది. దూరము ఎనుబది గజములు. ఒక్క తూటాతో పని ముగిసెను. జంతువు కదలనైనను లేదు.

ఆ రాష్ట్ర చట్టము ప్రకారము జనులు నివసించు ఇంటికి 150 గజముల లోపల ఆ యింటివారి యనుమతి లేక వేటాడరాదు. వేటకు లైసెన్సు కూడ ఉండవలెను. ఆ వృద్ధుడు చట్టము చెప్పిన దానికంటె ఎక్కువ నియమమును తనకు తానే విధించుకొనెను. ఆ నియమమునకు ఆయన చెల్లించిన మూల్యము నాలుగు వరుసల చిక్కుడు.

వేటకు పోకయే ఈ తూటావలన పొందగల ఆనందము మరియొకటి కలదు. పేల్చిన ఇత్తడి డొల్లలను పారవేయక, వానినే మరల నింపుకొనుట అచ్చటివారి వాడుక. చలికాలపు రాత్రులలో నేనును ఆ పని చేసితిని. కాలిపోయిన కేపును తీసివేసి, డొల్ల మెడను అచ్చులో సరిచేసి, క్రొత్త కేపును అమర్చి, మందు తూచి పోసి, గుండును నిలిపి నొక్కవలెను. దీని మెడ కాగితమువలె పలుచన. చేయి బిరుసైనచో నలిగిపోవును. తూకములో అర గ్రెయిను తేడా పెద్ద తూటాలో నూటపదింట ఒక వంతే. దీనిలోనో ఇరువదిరెండింట ఒక వంతు. అందుచేత కంసాలి బంగారము తూచినట్లు ఊపిరి బిగబట్టి తూచవలెను. మందు తయారుచేయువారు అచ్చువేసిన పట్టికను దాటి ఒక్క పలుకైనను హెచ్చు పోయరాదు. ఈ పనికి తొందర పనికిరాదు, మాటలు పనికిరావు. ఏబది తూటాలు పెట్టెలో వరుసగా నిలిపి చూచుకొన్నప్పుడు, నారు పోసి మడి చూచుకొన్న రైతు సంతోషమువంటిది కలుగును.

కాలము ఆగదు గదా! 1935లోనే వించెస్టరు వారు స్విఫ్ట్ అను మరియొక తూటాను తెచ్చిరి. అందు 48 గ్రెయిన్ల గుండు సెకనుకు 4,110 అడుగుల వేగముతో పోవును. జనులు అబ్బురపడిరి. కాని దాని చప్పుడు పెద్దది, అది మింగు మందు అధికము, గొట్టము త్వరగా అరిగిపోవునన్న అపవాదు దానికి వచ్చెను. 1950లో రెమింగ్టన్ కంపెనీ 222 అను తూటా వచ్చి, దూరమునందును గురియందును మన కందిరీగను మించెను. అప్పటినుండి దీనిని పాతదనుట మొదలయినది. అయినను ఇది అంతరింపలేదు. 1949లో అమెరికా వైమానిక దళమువారు, విమానము కూలి అడవిలో చిక్కుకొన్న సైనికుడు ఆహారము సంపాదించుకొనుటకై చేయించిన తుపాకికి ఈ తూటానే ఎన్నుకొనిరి. నేటికిని కంపెనీలు దీనిని తయారుచేయుచునే యున్నవి. దానిని మించినవి ఎన్ని వచ్చినను, పల్లెపొలమున నూరుగజముల పనికి అది చాలును. చాలినదానిని ఎవరు త్రోసివేయగలరు?

మన దేశపు సంగతి వేరని నేను మరచిపోలేదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఎవరును తుపాకి ఉంచుకొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అడవిపందులు వేరుసెనగ చేలను త్రవ్విపోయినప్పుడు మన రైతు కడుపుమంట నాకు తెలియును. దానికి అధికారులను ఆశ్రయించుటయే దారి. పైగా ఈ తూటా పందికి తగినది కాదు, దానిని గాయపరచి మరింత ప్రమాదకరముగా చేయును. కాబట్టి నేను మిమ్ములను తుపాకి పట్టుమని ప్రోత్సహించుట లేదు.

నేను చెప్పదలచినది ఇంతియే. బలము హెచ్చినకొలది మనుజుడు దూరమునుండి పనిచేయ మరగును. దూరమైనకొలది తాను చేయునది తనకు కనబడదు. పావు తులము గుండు, వీసము తులము మందు గల పనిముట్టు మనుజుని దగ్గరకు నడిపించును, కన్నులార చూపించును, తగని వేళ చేయి దింపుట నేర్పును. మడియు, ఎద్దులును, త్రాసును ఎరిగిన మీకు ఈ మాట తెలియనిది కాదు. దూరదేశపు చిన్న తూటాలో కూడ అదే మాట వినబడినది గనుక మీతో పంచుకొంటిని.

సెలవు.