ఇంట్లో ఒకరికి జబ్బు – మిగతావారి లెక్క

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్ళం, వైద్యులం కాము. అయినా ఈ రోజు జబ్బు గురించి మాట్లాడుతున్నాం. ఎందుకంటే ఇందులో ఒక లెక్క వుంది. అది తెలియక మన ఇళ్ళలో అన్యాయం జరుగుతోంది.

అంటువ్యాధి ఎంతగా అంటుతుందో ఎలా కొలుస్తారు? మొదట జబ్బుపడిన మనిషిని పక్కన పెట్టి, ఆ ఇంట్లో మిగిలినవారిని లెక్కపెడతారు. తర్వాత వారిలో ఎందరికి వచ్చిందో చూస్తారు. పది ఇళ్ళలో పదిమంది రోగులు, మిగతావారు 50 మంది అనుకుందాం. ఆ 50లో 5 మందికి వస్తే నూటికి పది. తట్టులాంటి జబ్బుకు కొద్ది వారాలు చూస్తే చాలు. క్షయ నెమ్మదిగా బయటపడుతుంది గనుక ఏళ్ళ తరబడి చూడాలి.

క్షయ విషయంలో ఈ లెక్క అప్పటి మద్రాసులోనే వేశారు. 1956లో అక్కడ టి.బి. కెమోథెరపీ కేంద్రం పెట్టారు. పేద రోగులను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. కొందరిని శానిటోరియంలో చేర్చారు. మిగతావారిని వాళ్ళ ఇరుకిళ్ళలోనే వుంచి మందులిచ్చారు. ఇళ్ళలో తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఏడాది తిరిగేసరికి ఇరువర్గాలకూ దాదాపు ఒకేలా నయమైంది. మరి ఇంట్లోవాళ్ళ సంగతి? వాళ్ళను ఐదేళ్ళు గమనించారు. రోగిని ఇంట్లో వుంచుకున్నందువల్ల ఆ కుటుంబాల్లో జబ్బు ఎక్కువ కాలేదు. అసలు ప్రమాదం చాలావరకు మందు మొదలుపెట్టక ముందేనని తేలింది.

మరి మనమేం చేస్తున్నాం? ఆడపిల్లకు సంబంధాలు రావేమోనని నెలల తరబడి దగ్గును దాస్తాం. మందు మొదలయ్యాక మాత్రం కంచం, గ్లాసు వేరు చేస్తాం. కోడలైతే పుట్టింటికి పంపేస్తాం. టి.బి. కంచం వల్ల రాదు, రోగి దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది.

కాబట్టి మా మనవి. రెండు వారాలు దాటి దగ్గు వుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించండి. పరీక్షా, మందులూ ఉచితం. జబ్బు అని తేలితే మందు మధ్యలో ఆపవద్దు. ఇంటిల్లిపాదినీ, ముఖ్యంగా పసిపిల్లలను, డాక్టరుకు చూపించండి. జబ్బు లేనివారికి, రాకుండా ఇచ్చే మందు కూడా వుంది. ఆరోగ్య కార్యకర్త ఇంట్లోవారి పేర్లు రాసుకోవడానికి వస్తే ఒక్క పేరూ దాచకండి. దాచిన పేరు లెక్కలోకి రాదు, ఆ బిడ్డకు మందూ అందదు.