ఏ గడువు? ఎవరికి గడువు?

(దళితవాడల యువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రోనోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని మన వాడల్లో అందరికీ తెలుసు. ఎట్లా తెలుసు? వడ్డీకిచ్చిన ఆసామి మూడో ఏడు నిండకముందే మన గుమ్మంలో నిలబడి నోటు తిరగరాయించుకుంటాడు గనక తెలుసు. తన హక్కు చావకుండా ఆయన కాపాడుకుంటాడు. ఆ 1963 కాలపరిమితి చట్టమే బిల్డింగు కట్టిన కాంట్రాక్టరు మీదా, డిజైను గీసిన ఇంజనీరు మీదా మనం వేసే దావాకీ వర్తిస్తుంది. ఈ సంగతి మాత్రం మన గుమ్మంలోకి వచ్చి చెప్పినోడు లేడు. బళ్లో పాఠాలు చెప్పుకునే మేం ఆ చట్టం ఎందుకు చదవాల్సి వచ్చిందో వినండి.

ఒక హాస్టలు. ఉండేది మన పిల్లలు. వరండా స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుము బయటపడింది. ఒక పెచ్చు పిల్లోడి భుజం మీద పడింది. అర్జీ పట్టుకుని ఆఫీసుకి పోతే "కాంట్రాక్టరు గడువు దాటిపోయింది, ఇప్పుడేం చేయలేం" అన్నారు. తల్లీ తండ్రీ కూలోళ్లు. ఆ మాట విని తలొంచుకుని తిరిగొచ్చారు.

ఏ గడువు దాటింది? వాళ్లు చెప్పింది మరమ్మతు గడువు. కట్టిన తర్వాత కొంతకాలం దాకా లోపం బయటపడితే కాంట్రాక్టరు సొంత డబ్బుతో బాగుచెయ్యాలని సర్కారుతో చేసుకున్న అగ్రిమెంటులో రాసుకుంటారు. అది సర్కారుకీ కాంట్రాక్టరుకీ మధ్య మాట. దాంట్లో మన సంతకం లేదు. దెబ్బ తగిలిన పిల్లోడు నష్టపరిహారం అడిగే హక్కుని అది చంపలేదు. ఆ దావాకి గడువు మామూలుగా మూడేళ్లు. అదీ స్లాబు వేసిన నాటి నుంచి కాదు, దావా హక్కు పుట్టిన నాటి నుంచి, అంటే పెచ్చు మీద పడిన నాటి నుంచి. పైగా వాడు మైనరు. పద్దెనిమిది నిండాక మూడేళ్లు, అంటే ఇరవయ్యొకటి నిండేదాకా వాడికి టైముంది. ఒక గడువుని చూపించి ఇంకో హక్కుని మింగేశారు. ఇదీ జరిగిన మోసం.

అయినా ఇరవయ్యొకటి దాకా ఆగమని మేం చెప్పడం లేదు. చట్టప్రకారమే చేశానని అధికారి అడ్డం తిరిగితే అక్కడ గడువు ఒక్క ఏడాదే. మనిషి చనిపోతే వారసులు వేసే దావాకి రెండేళ్లే. గడువు దాటిన దావాని, ఎదుటివాడు నోరు మెదపకపోయినా, జడ్జి కొట్టెయ్యాల్సిందే. అప్పీలు ఆలస్యమైతే క్షమించమని అడగొచ్చు, దావాకి ఆ క్షమాపణ కూడా లేదు.

మరి సర్కారు తానే దావా వెయ్యాలంటే గడువెంతో తెలుసా? ముప్పై ఏళ్లు! ఆఫీసులు, వకీళ్లు, ఫైళ్లు ఉన్నోడికి ముప్పై. అర్జీ రాయించుకోడానికి ఇంకొకళ్లని బతిమాలేవాడికి మూడు. ఇదేం సమానత్వం?

అన్నేళ్ల తర్వాత సాక్షులుండరు, కాగితాలుండవు, ఇంజనీరే బతికుండడు అని కాంట్రాక్టర్లు అంటారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ సిమెంటు కాజేసినోడు ఆ పని ప్లాస్టరింగు కింద దాచేస్తాడు. ఇనుము తుప్పెక్కి గోడ నోరు తెరవడానికి ఏళ్లు పడుతుంది. కావాలని మోసం చేసి దాచిపెడితే, అది బయటపడిన నాటి నుంచీ, లేదా శ్రద్ధ పెడితే బయటపడగలిగిన నాటి నుంచీ గడువు లెక్కించాలని ఈ చట్టంలోనే పదిహేడో సెక్షను చెబుతోంది. దాన్ని వాడుకోవాలి.

ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకి 2016 రెరా చట్టం ఒక దారి ఇచ్చింది. స్వాధీనం చేసిన అయిదేళ్లలో కట్టడంలో లోపం చూపిస్తే బిల్డరు ముప్పై రోజుల్లో పైసా అడక్కుండా బాగుచెయ్యాలి. మంచిదే. కానీ హాస్టలు పిల్లోడు దేన్నీ కొనలేదు. ఆ ఫ్లాట్లకి తట్టలు మోసినోళ్లూ కొనలేదు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల బిల్డింగు కూలి 61 మంది చచ్చిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలసపోయిన కూలీలు ఎందరో.

గడువులు దేవుడు రాసినవి కావు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది చనిపోయారు. ఎక్కువమంది సర్కారు ఇళ్లలో అద్దెకున్న సామాన్యులు. బతికినవాళ్లు, చచ్చిపోయినవాళ్ల బంధువులు వీధులు వదల్లేదు. ఇంగ్లండులో నివాసానికి పనికిరాని ఇల్లు కట్టినవాళ్ల మీద, డిజైను చేసినవాళ్ల మీద దావాకి అప్పటిదాకా ఆరేళ్లే గడువు. 2022లో కొత్త చట్టం వచ్చి దాన్ని పదిహేనేళ్లు చేసింది. 2022 జూన్ 28కి ముందు పూర్తయిన ఇళ్లకయితే వెనక్కి వెళ్లి ముప్పై ఏళ్లు ఇచ్చింది. అక్కడ అయినప్పుడు ఇక్కడ ఎందుకు కాదు? సర్కారుకి ముప్పై ఏళ్లు ఉంటే, సర్కారు కట్టించిన పైకప్పు కింద పడుకునే పిల్లోడికీ ముప్పై ఏళ్లు కావాలని మనం అడగాలి.

అడుగుతూనే, ఈ లోపల చెయ్యాల్సిన పనులున్నాయి. ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. బడి, హాస్టలు, కమ్యూనిటీ హాలు, నీళ్ల ట్యాంకు ఏదైనా సరే, పగులు కనిపించిన తారీఖు రాయండి, ఫొటో తియ్యండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద అగ్రిమెంటు, ఎం.బుక్కు కాపీలు అడగండి. వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టం ఇచ్చింది. సర్కారు మీద దావాకి రెండు నెలల ముందు నోటీసివ్వాలి, ఆ రెండు నెలలూ గడువులో లెక్కకు రావు. వకీలుకి డబ్బుల్లేవని ఆగొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి.

ఇక మీదట ఏ ఆఫీసులో ఎవడు "గడువు దాటింది" అన్నా తలొంచుకుని తిరిగి రావద్దు. ఏ గడువు, ఏ చట్టంలో, ఏ తారీఖు నుంచి లెక్క అని అడగండి. ఆ జవాబు కాగితం మీద రాసిమ్మనండి.

జై భీమ్!