ఆరేళ్ళ మందుల చదువు
(బెళుగుప్పలో జరిగిన ముస్లిం కుటుంబాల విద్యా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బైపీసీ చదివిన అమ్మాయి ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఫార్మ్‌డీ చదివితే డాక్టరవుతుందా?" సీట్లు నింపుకోవాలనుకునేవారు "అవుతుంది" అంటారు. మేము చెప్పే జవాబు కొంచెం పొడవు.

పట్టా మీద డాక్టర్ ఆఫ్ ఫార్మసీ అనే ఉంటుంది. కానీ రోగిని పరీక్షించి మందు రాసే అధికారం ఆ పట్టా ఇవ్వదు. పరిశోధన చేసి పొందే పీహెచ్‌డీ కూడా అది కాదు. భారత ఫార్మసీ కౌన్సిల్ 2008లో ప్రవేశపెట్టిన వృత్తివిద్య అది. ఐదేళ్ళు చదువు, ఆరో ఏడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు పనిచేయాలి. అందుకే కళాశాలకు 300 పడకల ఆసుపత్రితో అనుబంధం ఉండాలన్న నియమం పెట్టారు. అనంతపురం దగ్గరి రిపర్ కళాశాల విద్యార్థులు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో శిక్షణ పొందుతారు. మీరు ఏ కళాశాలను ఎంచుకున్నా, ముందు దాని ఆసుపత్రిని చూసి రండి. భవనాన్ని కాదు, వార్డులో రోగులున్నారా అన్నది చూడండి.

వార్డులో ఈ పిల్లలు చేసే పనేమిటో ఒక ఉదాహరణతో చెబుతాము. చక్కెర జబ్బున్న ఒక దాదీ రంజాన్‌లో ఉపవాసం ఉంటుంది. సహరీకి లేచి, రోజూ ఉదయం వేసుకునే మాత్ర వేసుకుంటుంది. అది గ్లిబెన్‌క్లమైడ్ వంటిదైతే మధ్యాహ్నానికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ ముప్పు తక్కువ. దాదీకి రెండూ తెల్ల మాత్రలే. పైగా ఒకే మందును ఇద్దరు వైద్యులు రెండు పేర్లతో రాసి ఉంటే రెండూ వేసుకుంటుంది. ఆ చీటీలన్నీ ముందు పెట్టుకుని, పొరపాటును పట్టి, వైద్యుడికి చెప్పి మోతాదు మార్పించి, తిరిగి దాదీకి ఆమె మాట్లాడే భాషలో వివరించడమే క్లినికల్ ఫార్మసిస్టు పని. దఖ్నీ, తెలుగు రెండూ వచ్చిన మన ఆడపిల్లలు ఈ పనికి ఎంత అవసరమో మీకు వేరే చెప్పనక్కర లేదు.

అల్‌బిరూనీ మందుల మీద గ్రంథం రాశాడని వేదికల మీద చెప్పుకోవడం మనకు అలవాటు. మంచిదే. ఆ గ్రంథాన్ని చూపిస్తే సీటు రాదు.

సీటు లెక్క ఇది. ఒక కళాశాలలో ఫార్మ్‌డీకి 30 సీట్లు. ఈఏపీసెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటాలో నిండేవి 70 శాతం, అంటే 21. అందులో బీసీ-ఈ 4 శాతం లెక్కగడితే నిండుగా ఒక్క సీటు కూడా కాదు. ఆ 4 శాతం సైతం 2007 చట్టంతో వచ్చి, 2010లో హైకోర్టు కొట్టివేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచినది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీలో ఉన్నాయి. అక్కడ 10 శాతం. పేరు ముందు షేక్ అని ఉన్నంత మాత్రాన ఆ పిల్లలకు బీసీ-ఈ అని రాయించుకున్న ఇళ్ళను మేము చూశాము. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు బీసీ-ఈ జాబితాలో లేవు. ఆదాయ పరిమితికి లోబడితే ఈడబ్ల్యూఎస్ పత్రం తెచ్చుకోవాలి.

ఇక ఫీజు. ఆరేళ్ళంటే మన మెట్ట పొలాల్లో ఆరు వేరుశనగ పంటలు. వాటిలో ఎన్ని చేతికొస్తాయో ఈ సభలో ఎవరూ హామీ ఇవ్వలేరు. మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని కళాశాల అసలు సర్టిఫికెట్లు ఆపింది. తల్లి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. కనుక చేరకముందే అడగండి: ఆరేళ్ళకూ కలిపి ఎంత? ఆరో ఏటి ఫీజు ఎవరు కడతారు? ఇంటర్న్‌షిప్‌లో భృతి ఇస్తారా? జవాబును కాగితం మీద రాయించుకోండి.

చదువు పూర్తయ్యాక ఏమిటన్నది అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. ఇక్కడ మేము మెత్తగా మాట్లాడదలచుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టు కొలువుకు రెండేళ్ళ డిప్లొమా చాలు. ఆరేళ్ళు చదివినవారి కోసం క్లినికల్ ఫార్మసిస్టు కొలువు చాలాచోట్ల లేనే లేదు. చాలామంది బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలలో మందుల దుష్ప్రభావాల నివేదికలు పరిశీలించే ఉద్యోగాలకు వెళుతున్నారు. అది గౌరవమైన పనే. కానీ వార్డులో నేర్చిన విద్య మన దాదీకి అందకుండా పోతున్నది. కళ్యాణదుర్గం, ఉరవకొండ ప్రభుత్వ ఆసుపత్రులలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు మంజూరు చేయాలని ఒక వినతిపత్రం సిద్ధం చేశాము. ఇది ముస్లింల కోసమే అడుగుతున్నది కాదు. ఆ ఆసుపత్రుల వరుసలో అందరూ నిలబడతారు.

ఆరేళ్ళంటే పెళ్ళి వయసు దాటిపోతుందని వెనుక వరుసలో ఒక అన్న అన్నారు. పదిహేడేళ్ళకు చేరిన పిల్ల ఇరవైమూడేళ్ళకు బయటికి వస్తుంది. ఆ అన్న కూతురు కూడా ఇక్కడే ఉన్నది. ఆమె ఏమంటుందో ఇంటికి వెళ్ళాక అడగమని మా మనవి.

వినతిపత్రం ఆ బల్ల మీద ఉన్నది. ఇంటర్ రెండో ఏడు పిల్లలున్న ఇళ్ళవారు కుల, ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చి ఉంటే చూపించండి. తప్పులుంటే దరఖాస్తు ఇక్కడే రాసిస్తాము.