ఐఫ్రేమ్: కిటికీ మనది, లోపలి ఇల్లు వేరేవాళ్లది

బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా క్లాస్ కోసం నేనొక చిన్న వెబ్‌సైట్ చేశా. రిజల్ట్స్ పేజీ కూడా అందులోనే కనిపిస్తే ఫ్రెండ్స్ ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు కదా అనుకున్నా. ఐఫ్రేమ్ ట్యాగ్ రాశా, అడ్రస్ ఇచ్చా, రిఫ్రెష్ కొట్టా. ఏం వచ్చింది? బూడిద రంగు డబ్బా, మధ్యలో 'రెఫ్యూజ్డ్ టు కనెక్ట్' అని ఒక లైన్. నా కోడ్‌లోనే తప్పుందనుకుని తెల్లారేదాకా కూర్చున్నా. అసలు తప్పు కోడ్‌లో లేనే లేదు!

ముందు బేసిక్స్ చూద్దాం. ఐఫ్రేమ్ అంటే ఒక పేజీలో ఇంకో పేజీని చూపించే కిటికీ అన్నమాట. ఎస్‌ఆర్‌సీ దగ్గర ఆ పేజీ అడ్రస్, తర్వాత విడ్త్, హైట్. అంతే. యూట్యూబ్‌లో షేర్ నొక్కి ఎంబెడ్ అంటే వచ్చే కోడ్ ఇదే. అందులో విడ్త్ 560, హైట్ 315 అని ఉంటుంది. ఫోన్ స్క్రీన్‌లో అది పట్టదు, పక్కకి పోతుంది. సీఎస్‌ఎస్‌లో విడ్త్ 100 శాతం, హైట్ ఆటో, ఆస్పెక్ట్ రేషియో 16/9 అని ఇవ్వండి, సరిపోతుంది.

కిటికీలోంచి చూడొచ్చు గానీ లోపలికి చెయ్యి పెట్టలేం. అది వేరే సైట్ పేజీ అయితే అందులో ఏముందో మన జావాస్క్రిప్ట్ చదవకుండా బ్రౌజర్ ఆపేస్తుంది. దీన్నే సేమ్ ఆరిజిన్ పాలసీ అంటారు.

చదవలేకపోయినా మోసం మాత్రం చేయొచ్చు. ఎలాగంటే, మీరు ఏదో సైట్‌లో ఆల్రెడీ లాగిన్ అయి ఉన్నారు. మోసగాడు ఆ సైట్ పేజీని తన పేజీలో ఐఫ్రేమ్‌గా పెట్టి, కంటికి కనపడకుండా చేస్తాడు. దాని కింద 'ఫ్రీ రీఛార్జ్' అని బటన్. మీరు నొక్కింది రీఛార్జ్ అనుకుంటారు, కానీ ఆ ట్యాప్ పడేది పైనున్న కనపడని 'డిలీట్ అకౌంట్' మీద. 2008లో జెరెమియా గ్రాస్‌మన్, రాబర్ట్ హాన్సెన్ దీనికి క్లిక్‌జాకింగ్ అని పేరు పెట్టారు.

అందుకే చాలా సైట్లు ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అనే హెడర్ పంపిస్తాయి. డినై అంటే ఎవరి పేజీలోనూ నన్ను చూపించొద్దని, సేమ్ ఆరిజిన్ అంటే మా సొంత సైట్‌లో అయితేనే ఓకే అని. ఫలానా సైట్లకే పర్మిషన్ ఇవ్వాలంటే కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో ఫ్రేమ్-యాన్సెస్టర్స్ ఉంది. ఆ రాత్రి రిజల్ట్స్ సైట్ వద్దంది, బ్రౌజర్ ఆ మాట విన్నది. నాకే అర్థం కాలేదు.

సో, మీరు సైట్ చేస్తే లాగిన్ ఉన్న పేజీలకి ఈ హెడర్ తప్పకుండా పెట్టండి. వాడేవాళ్లయితే ఒకటి గుర్తుంచుకోండి: అడ్రస్ బార్‌లో కనిపించేది బయటి పేజీ అడ్రస్ మాత్రమే. లోపలి డబ్బా ఎవరిదో అక్కడ కనపడదు. ముక్కూమొహం తెలియని పేజీలో ఒక డబ్బా పాస్‌వర్డో ఓటీపీనో అడిగితే కొట్టకండి. ఆ సైట్‌ని మీరే విడిగా ఓపెన్ చేసుకోండి.

ఇంతకీ మా క్లాస్ సైట్‌లో చివరికి ఏం పెట్టానంటారా? మామూలు లింక్. ఒక్క లైన్‌లో పనైపోయింది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి!