బంగారు బ్యాటు కుర్రాడు: పుకారు, భయం, ఒక జపాన్ సీరియల్

సైకాలజీ మాస్టారి స్మారకోపన్యాసంలో ఈ కార్టూన్ల గోలేమిటని ఒకరిద్దరు పెద్దలు అనుకున్నట్టు నా చెవిన పడింది. మాస్టారికి పుకార్లంటే మహా సరదా. ఎవరైనా ఒకటి మోసుకొస్తే నిజమా అబద్ధమా అని అడిగేవారు కాదు, ‘దీంతో ఎవరికేం పనిపడింది?’ అనేవారు. ఆ ప్రశ్నకు నేను చూసినంతలో గట్టి జవాబు ఇచ్చింది ఒక జపాన్ యానిమే. అందుకే ఈ సాహసం.

దాని పేరు ‘మోసో దైరినిన్’. బయటి దేశాల్లో ‘పారానోయియా ఏజెంట్’గా తెలుసు. 2004 ఫిబ్రవరి నుంచి మే దాకా జపాన్‌లో వావ్‌వావ్ చానల్‌లో 13 భాగాలుగా వచ్చింది. తీసింది మాడ్‌హౌస్ స్టూడియో, దర్శకుడు సతోషి కోన్. ‘పర్‌ఫెక్ట్ బ్లూ’, ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ లాంటి సినిమాలు తీసిన మనిషి. ఆ సినిమాల్లో ఇమడక మిగిలిపోయిన ఆలోచనలకు చోటు వెతుక్కుంటూ ఈ సీరియల్ చేశాడు. 2010లో 46 ఏళ్ళకే కాన్సర్‌తో పోయాడు. ఇది చిన్నపిల్లలకు చూపించే కార్టూన్ కాదని ముందే మనవి చేస్తున్నాను.

కథ టోక్యోలో మొదలవుతుంది. త్సుకికో సాగి ఒక కంపెనీలో డిజైనర్. ఆమె గీసిన మరోమి అనే గులాబీరంగు కుక్కపిల్ల బొమ్మ దేశాన్ని ఊపేసింది. దాన్ని తలదన్నేది ఇంకొకటి కావాలని పైవాళ్ళు గడువు పెట్టారు. కాగితం మీద గీత పడడంలేదు. ఆఫీసులో సాటివాళ్ళకు ఆమె కంటగింపు. ఒక రాత్రి ఇంటికి నడిచి వెళుతుంటే ఎవరో కొట్టిపడేశారు. ఆనవాళ్ళు చెప్పమంటే చెప్పింది: బడికి వెళ్ళే వయసు కుర్రాడు, టోపీ, బంగారురంగు చక్రాల బూట్లు, వంకరపోయిన బంగారు బ్యాటు. డిటెక్టివ్ ఇకారికి నమ్మబుద్ధి కాలేదు. ఊరు మాత్రం నమ్మింది. ‘షోనెన్ బాట్’ అన్న పేరు ఇంటింటా మోగిపోయింది. తర్వాత దెబ్బలు తిన్నవాళ్ళు వరసకట్టారు. బడిలో అందరికంటే ముందుండే పిల్లవాడు, రెండు బతుకులు బతుకుతున్న యువతి, లంచాలు మరిగిన పోలీసు. ప్రతివాడికీ దారులన్నీ మూసుకుపోయిన క్షణంలోనే దెబ్బ పడుతుంది. ఆస్పత్రి మంచం మీద గడువు ఉండదు, సంజాయిషీ ఉండదు, అందరూ అయ్యో అంటారు.

ఇక్కడ మాస్టారు క్లాసులో తరచూ చెప్పిన ఒక పరిశోధన గుర్తుచేయాలి. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. జమునా ప్రసాద్ అనే మనదేశపు పరిశోధకుడు ఆ తర్వాత జనం నోట నలిగిన పుకార్లను సేకరించి, 1935లో ప్రచురించాడు. సుమారు రెండు దశాబ్దాల తర్వాత అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త ఆ వ్యాసం చదివి ఒకచోట ఆగిపోయాడు. భూమి కదిలింది గాని ఇళ్ళు కూలని ప్రాంతాల జనం, ఇంతకంటే పెద్ద ప్రళయం రాబోతోందని చెప్పుకున్నారు. గండం గడిచినవాళ్ళు ధైర్యం చెప్పుకోవాలి గాని, మరింత బెదిరించుకోవడమెందుకు? ఆయన ఆలోచన ఇలా సాగింది: భయం అప్పటికే గుండెల్లో ఉంది, చూపించడానికి కళ్ళెదుట కారణమే లేదు, ఆ లోటును పుకారు పూడ్చింది. 1957లో ఆయన పుస్తకంగా తెచ్చిన ‘కాగ్నిటివ్ డిసొనెన్స్’ సిద్ధాంతానికి, అంటే మనసులో పొసగని వాటిని మనిషి ఎలాగో పొసగేలా చేసుకుంటాడన్న సిద్ధాంతానికి, అంకురం పడినచోట్లలో ఇదొకటి.

పుకారు వల్ల జనం భయపడతారని పత్రికలు రాస్తుంటాయి. ప్రసాద్ గారి బీహార్‌లో వరస తిరగబడింది. కోన్ టోక్యోలోనూ అంతే. త్సుకికోకు భయం ముందే ఉంది, కుర్రాడు తర్వాత వచ్చాడు.

జపాన్‌కు ఇలాంటి అనుభవం కొత్తకాదు. 1978 చివర్లో గిఫు ప్రాంతంలో పుట్టిన ‘కుచిసాకె ఒన్నా’ కథ, అంటే ముఖానికి మాస్కు, దాని కింద చెవుల దాకా చీలిన నోరు ఉన్న ఆడమనిషి కథ, 1979 వేసవికల్లా దేశమంతా పాకింది. పిల్లలను గుంపులుగా ఇళ్ళకు పంపిన బడులున్నాయి. మన దగ్గర తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అన్న రాత చూసినవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. 2001 మే నెలలో ఢిల్లీని వణికించిన ‘మంకీ మ్యాన్’ సంగతీ తెలిసిందే. ఒకరికి పొట్టివాడు, ఒకరికి పొడుగువాడు, ఒకరికి హెల్మెట్టు, ఇంకొకరికి ఇనుపగోళ్ళు. కరెంటు పోయి డాబాల మీద పడుకున్న జనం, వాడొచ్చాడన్న కేకకే దూకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాడు మాత్రం దొరకలేదు.

కోన్ ఈ యంత్రాంగాన్నంతా తొమ్మిదో భాగంలో విప్పి చూపిస్తాడు. అపార్ట్‌మెంట్ల మధ్య నలుగురు ఇల్లాళ్ళు నిలబడి షోనెన్ బాట్ కబుర్లు చెప్పుకుంటుంటారు. ఒకామె చెప్పినదాన్ని మించి ఇంకొకామె చెబుతుంది. ఆ వాడకు కొత్తగా వచ్చిన కమొహరా అనే ఆవిడ కథలు మాత్రం అతకడంలేదని తక్కినవాళ్ళు తోసేస్తారు. చిన్నబుచ్చుకుని ఇంటికి వెళుతుంది. గుమ్మంలో భర్త నెత్తురోడుతూ పడివున్నాడు, షోనెన్ బాట్ కొట్టాడంటాడు. ఆవిడ అంబులెన్సుకు ఫోన్ చేయదు. ఎలా వచ్చాడు, ఎలా ఉన్నాడు, ఏం చేశాడు అంటూ ఆత్రంగా ఆరా తీస్తుంది. రేపు చెప్పడానికి ఆవిడకు సొంత కథ దొరికింది! వాట్సాప్ ఇంకా పుట్టని 2004లో తీసిన సన్నివేశమిది.

ఇరవై ఏళ్ళు దాటాయి కనుక గుట్టు విప్పినా తప్పులేదు. త్సుకికో చిన్నప్పుడు కుక్కపిల్లను షికారుకు తీసుకెళ్ళింది. కడుపునొప్పి తాళలేక తాడు వదిలింది, కుక్కపిల్ల రోడ్డు మీదికి పరుగెత్తి కారు కిందపడింది. తండ్రి తిడతాడన్న భయంతో, బ్యాటు పట్టుకున్న కుర్రాడెవడో వచ్చాడని చెప్పింది. ఆ కుక్కపిల్ల పేరు మరోమి. కొట్టే కుర్రాడూ ఓదార్చే బొమ్మా ఒకే అబద్ధంలో పుట్టిన కవలలన్నమాట. నా మట్టుకు నాకు బ్యాటుకంటే ఆ బొమ్మంటేనే ఎక్కువ భయం. ‘నీ తప్పేం లేదు, కాస్త విశ్రాంతి తీసుకో’ అంటూ ముద్దుముద్దుగా మాట్లాడే గొంతును ఎవరు అనుమానిస్తారు?

ఒకావిడ అనుమానించింది. ఇకారి భార్య మిసాయె జబ్బుమనిషి. భర్త పోలీసు ఉద్యోగం పోయి కాపలా పనికి వెళుతున్నాడు. తాను పోతే ఆయనకు బరువు తగ్గుతుందన్న ఆలోచన ఆవిడకూ వచ్చిందే. పదకొండో భాగంలో షోనెన్ బాట్ ఇంట్లోకే వస్తాడు. ఆవిడ కేకలు పెట్టదు. ఎదుటే ఉండి తన కాపురం సంగతంతా తాపీగా చెబుతుంది, నువ్విచ్చే విముక్తి నాకొద్దంటుంది. వాడు కోపంతో ఉబ్బి రాక్షసుడవుతాడు, అయినా ఆవిడను లొంగదీయలేకపోతాడు. చేయెత్తకుండానే ఆవిడ గెలిచింది.

అయితే నాకొక పేచీ ఉంది. ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకుంటే నీడలు తొలగుతాయని కథ ముగింపు చెబుతుంది. జపాన్‌లో 1998 నుంచి 2011 దాకా ఏటా 30,000 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారు. 1990ల మొదట్లో ఆర్థిక బుడగ పేలాక ఉద్యోగాలూ భరోసాలూ పోయిన కాలమది. అందరినీ మిసాయెలా ధైర్యంగా ఉండమనడం సులువు. కోన్‌కూ ఈ సంగతి తెలుసని పదో భాగం సాక్ష్యం చెబుతుంది. అందులో మరోమి మీద యానిమే తీసే స్టూడియో సిబ్బంది గడువు ఒత్తిడికి ఒక్కొక్కరే నేలకూలుతారు. తన సొంత పరిశ్రమనే బోనెక్కించాడు. అక్కడ తప్పు ఒక మనిషిది అనడం కష్టం. ముగింపులో ఆ ఆలోచనను ఎందుకు వదిలేశాడో నాకు అంతుబట్టదు.

ఇక మన సంగతికి వద్దాం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ప్రచారం తెలుగునాట ఫోన్లలో ఊరేగింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఊహల్లోని కుర్రాడి చేతి బ్యాటు ఇక్కడ నిజంగా జనం చేతికొచ్చింది. అదే రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను ఊరూరికీ పంపారు. కళాకారులతో డప్పు పాటలు కట్టించి, ఫోన్లో వచ్చినదల్లా నమ్మొద్దని చెప్పించారు. చీకటిపడితే పిల్లల్ని గడప దాటనివ్వని ఇళ్ళకు వెళ్ళి, గడపలో కూర్చుని మాట్లాడే పని అది. ఆ కానిస్టేబుళ్ళు ఆ గడపల్లో ఏమేం విన్నారో ఎవరైనా కూర్చోబెట్టి రాయిస్తే బాగుంటుంది. ఇక్కడున్న పరిశోధక విద్యార్థుల్లో ఎవరైనా ఆ పని నెత్తికెత్తుకుంటారేమోనని అడగడానికే ఇంత దూరం లాక్కొచ్చాను.